రోమునగరపు రథపు పందెములు

రథము అనగానే మనకు దేవుని ఊరేగింపు జ్ఞాపకము వస్తుంది. ప్రాచీన రోములో కూడ రథపు పందెములు దేవుని ఊరేగింపుతోనే మొదలయ్యేవి. సెప్టెంబరు నెలలో జూపిటర్ దేవుని పేర జరిగే ఉత్సవములో దేవతా విగ్రహములను కాపిటోలిన్ కొండ మీదనుండి సర్కస్ మాక్సిమస్ అనే మైదానమునకు తీసుకొని వచ్చేవారు. ఆ పిమ్మటనే పందెములు.

ఈ సర్కస్ డేరా వేసి ఏనుగులను ఆడించే సర్కస్ కాదు. (మా సాయంకాలపు తరగతిలో పిల్లలు అదే అనుకొన్నారు!) రెండు కొండల నడుమ లోయలో సుమారు 600 మీటర్ల పొడవు గల మైదానమిది. లక్షన్నర మంది కూర్చుండేవారని చరిత్రకారుల అంచనా. పన్నెండు వాకిళ్ళు ఒక్కసారిగా తెరుచుకొనేవి. రథమునకు సాధారణముగా నాలుగు గుర్రములు; నడిమి గోడ చుట్టు ఏడుమారులు తిరుగవలెను. గోడమీది గుడ్ల ఆకారపు బొమ్మలు, డాల్ఫిన్ చేపల బొమ్మలు చూచి జనులు చుట్లు లెక్కించేవారు. సారథి పగ్గములను నడుమునకు చుట్టుకొనేవాడు. రథము బోల్తాపడితే వాటిని కోసుకొనుటకు చిన్న కత్తి ఉంచుకొనేవాడు. కోయుటకు వ్యవధి దొరకనివారు ఈడ్వబడి చనిపోయేవారు.

ఎరుపు, తెలుపు, నీలము, ఆకుపచ్చ అని నాలుగు పక్షములు. జనులకు రంగుల పిచ్చి మెండు. తరువాతి కాలములో, 532లో, కాన్‌స్టాంటినోపుల్ నగరమున నీలము వారు, ఆకుపచ్చ వారు ఏకమై జస్టీనియన్ చక్రవర్తిపై తిరుగబడగా, సుమారు 30,000 మంది హతులైనారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ వ్రాసినాడు.

సారథులలో అనేకులు బానిసలు, లేదా విడుదల పొందిన బానిసలు. డయోక్లీస్ అనే సారథి 24 ఏండ్లలో 4,257 పందెములు తోలి 1,462 గెలిచినాడు. గొప్పవాడే. అయినను మాకు ఇష్టుడు క్రెసెన్స్.

మేము బడిలో చక్రవర్తుల పేర్లే చదివినాము, చక్రవర్తుల పేర్లే చెప్పినాము. మా తాతగారి పేరు ఓడ పట్టీలో తప్పుగా వ్రాయబడినది; అందుచేత చిన్నవారి పేర్లు ఎక్కడ సరిగా నిలిచినా మాకు సంతోషము. క్రెసెన్స్ ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చిన మూరు జాతివాడు, నీలము పక్షము వాడు. 115లో మొదటి గెలుపు. 124 వరకు 686 పందెములు తోలి గెలిచినవి 47 మాత్రమే. శాసనము నాటికి అతనికి 22 ఏండ్లు. ఆ రాతిమీద అతని పేరుతో పాటు మొదటి గెలుపునాటి నాలుగు గుర్రముల పేర్లు కూడ చెక్కినారు: సిర్సియస్, ఆక్సెప్టర్, డెలికేటస్, కోటినస్.