నీటిపక్షుల వేట తూటా

నీటిపక్షుల వేట తూటా అనగా బాతులను, పెద్దబాతులను షాట్‌గన్‌తో వేటాడుటకు ఉపయోగించే తూటా. ఇందులో ఒకే గుండుకు బదులుగా అనేక చిన్న గుళికలు ఉంటాయి. పక్షి పరిమాణము, దూరము, తుపాకీ గొట్టము, గుళికల లోహము అను నాలుగు అంశములను బట్టి తూటాను ఎన్నుకుంటారు. వేట చట్టబద్ధమైన దేశాలలో ఈ ఎంపిక నేటికీ ముఖ్యమైన విషయం. భారతదేశంలో అడవి బాతుల వేట నిషిద్ధం కనుక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వంటి తీరప్రాంతాలలో ఇది పక్షి సంరక్షణకు సంబంధించిన విషయంగా మిగిలినది.

నిర్మాణము

తూటా అడుగున ప్రైమర్, దానిపై తుపాకీ మందు, ఆపైన బిరడా, అన్నిటికంటె పైన గుళికలు ఉంటాయి. పేల్చినప్పుడు గుళికలు గుంపుగా బయలుదేరి, దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటాయి. గొట్టం మూతివద్ద సన్నగా ఉండే భాగాన్ని చోక్ అంటారు. ఇది గుళికలు విచ్చుకొనే తీరును నియంత్రిస్తుంది.

తుపాకీ గొట్టం కొలతను బోరు అంటారు. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే గుండ్రని గుండ్లు ఒక పౌను సీసంతో ఎన్ని తయారవుతాయో అదే బోరు సంఖ్య. కనుక సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. నీటిపక్షుల వేటలో ఎక్కువగా వాడే 12 బోరు గొట్టం వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. 70 మి.మీ. తూటాకు తగిన గదిలో 76 మి.మీ. తూటాను పేల్చడం ప్రమాదకరం.

గుళికల పరిమాణము

గుళికల సంఖ్య పెరిగేకొద్దీ వాటి పరిమాణం తగ్గుతుంది. అమెరికా పద్ధతిలో 17 నుండి గుళిక సంఖ్యను తీసివేస్తే, దాని వ్యాసం అంగుళంలో వందవ వంతులలో వస్తుంది. ఉదాహరణకు 4వ సంఖ్య గుళిక వ్యాసం 0.13 అంగుళం, అనగా 3.3 మి.మీ. ఇంగ్లీషు పద్ధతి వేరు. అమెరికా 6వ సంఖ్య సుమారుగా ఇంగ్లీషు 5వ సంఖ్యకు సమానం.

చిన్న గుళికలు ఒక తూటాలో ఎక్కువ పడతాయి గాని త్వరగా వేగం కోల్పోతాయి. పెద్ద గుళికలు దూరంవరకు బలంగా పోతాయి గాని తక్కువ పడతాయి. 28 గ్రాముల ఉక్కులో 2వ సంఖ్య గుళికలు సుమారు 125, 4వ సంఖ్య గుళికలు సుమారు 190 ఉంటాయి. సాధారణంగా బాతులకు ఉక్కులో 2 నుండి 4 వరకు, పెద్దబాతులకు 4.6 మి.మీ. వ్యాసంగల బీబీ లేదా అంతకంటె పెద్ద గుళికలను ఎన్నుకుంటారు. తూటా ఎంత శక్తిగలదైనా 35-40 మీటర్లు దాటితే పక్షి చావక గాయపడి ఎగిరిపోయే అవకాశం ఎక్కువ.

సీసము - విషము

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, ఉక్కు సాంద్రత 7.8 గ్రాములు. బరువైన గుళిక వేగాన్ని నిలుపుకొంటుంది కనుక చిరకాలం సీసాన్నే వాడారు. అయితే ఒక తూటాలోని గుళికలలో పక్షికి తగిలేవి కొన్నే. మిగిలినవన్నీ చెరువు అడుగున బురదలో చేరతాయి. బాతులు ఆహారాన్ని నూరుకొనుటకు చిన్న రాళ్ళను మింగి కందనకాయలో నిలుపుకుంటాయి. రాళ్ళతోపాటు మింగిన సీసపు గుళిక అక్కడ అరిగి, ఆమ్లంలో కరిగి రక్తంలో చేరుతుంది. పక్షి నీరసించి, రెక్కలు వాలి చనిపోతుంది. ఆ పక్షిని తిన్న గ్రద్దలకు కూడా విషం సోకుతుంది. అందువలన గురి తప్పిన తూటా కూడా పక్షులను చంపగలదు.

ఉత్తర అమెరికాలో ఏటా 2-3 శాతం నీటిపక్షులు ఈ విధంగా చనిపోతున్నాయని 1959లో ఫ్రాంక్ బెల్‌రోజ్ అంచనా వేశాడు. అమెరికాలో 1991 నుండి నీటిపక్షుల వేటలో సీసపు గుళికలు దేశమంతటా నిషేధించబడ్డాయి. డెన్మార్క్ 1996లో అన్ని రకాల వేటలోనూ నిషేధించినది. యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలలకు సంబంధించిన నిషేధం 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చినది. సీసానికి బదులు ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్ మిశ్రమాలను వాడుతున్నారు. ఉక్కు తేలిక కనుక సీసంకంటె రెండు సంఖ్యలు పెద్ద గుళికను ఎన్నుకుంటారు. ఉక్కు గట్టిది కనుక పాత, పలుచని గొట్టాలలో వాడరాదు.

భారతదేశంలో

బ్రిటిషు పాలనలో బాతు వేట అధికారుల, సంస్థానాధీశుల వినోదంగా ఉండేది. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్లిత్‌గో పాల్గొన్న వేటలో ఒక్కరోజే 4,273 పక్షులను కాల్చారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జీవులను అనుమతిపత్రంతో వేటాడనిచ్చినది. 1991 సవరణ ఆ అవకాశాన్ని తొలగించినది. ఈ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్ళను, గ్రుడ్లను పాడుచేయడం కూడా వేట క్రిందికే వస్తుంది. తుపాకీ అనుమతిపత్రం ఉన్నంతమాత్రాన పక్షులను కాల్చే హక్కు రాదు.

ఉద్దానంలో నీటిపక్షులు

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి పరిసరాలలోని ఉద్దానం జీడి, కొబ్బరి తోటలకు ప్రసిద్ధి. తోటలతోపాటు ఇక్కడ నౌపడా ఉప్పుకొఠార్ల పరిసరాలు, సోంపేట బీల వంటి చిత్తడి నేలలు కూడా గలవు. ఈ తీరానికి ఉత్తరాన ఒడిషాలో ఉన్న చిలికా సరస్సుకు శీతాకాలంలో సూదితోక బాతులు, తలపై నల్లని చారలుగల పెద్దబాతులు వలస వస్తాయి. చిలికా ఒడ్డున ఉన్న మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే తరువాత వాటికి కాపలాదారులైనారు.

టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలతో తిరిగి వెళతాయి. పేరులో బాతు ఉన్నప్పటికీ గూడబాతు బాతు జాతికి చెందినది కాదు. ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఈ పక్షులు రావడం ఊరికి శుభమని గ్రామస్థులు నమ్ముతారు, వాటికి హాని చేయనివ్వరు. ఊరివారి ఈ కట్టుబాటు వలన ఇక్కడి పక్షులు మనుషులకు వెరవక ఇళ్ళ నడుమనే పిల్లలను పెంచుకుంటున్నాయి.

ఇవి కూడా చూడండి

తేలినీలాపురం
చిలికా సరస్సు
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972