బ్రిటను నిష్క్రమణము: ఒక ప్రశ్న, పెక్కు మార్గములు

ఉమ్మడి కుటుంబమునుండి వేరుపడుదునని పలుకుట క్షణములో పని. పొలము, దొడ్డి, బావి, కళ్ళమునకు పోవు దారి పంచుకొను వేళ వచ్చినప్పుడుగాని అందలి చిక్కు తెలియరాదు. బ్రిటను దేశమునకు ఇట్టి యనుభవమే కలిగినది. ఐరోపా సమాఖ్యను వీడవలెనని 2016లో ఆ దేశప్రజలు నిర్ణయించిరి. ఎట్లు వీడవలెనను విషయమున మాత్రము వారి పార్లమెంటు మూడేండ్లకు పైగా ఒక నిశ్చయమునకు రాజాలకపోయెను. ప్రజాస్వామ్యమున నివసించు వారందరును ఎరుగదగిన చరిత్ర యిది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు దేశములు 1957లో రోము నగరమున ఒడంబడిక చేసికొని ఐరోపా ఆర్థిక సమాజమును నెలకొల్పినవి. బ్రిటను తొలుత దూరముగా నుండెను. తరువాత చేరగోరగా ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్ 1963లోను, 1967లోను అడ్డుచెప్పెను. తుదకు 1973 జనవరి 1వ తేదీన, ఎడ్వర్డు హీత్ ప్రధానిగా నున్న కాలమున, ప్రవేశము లభించెను. 1975లో ప్రజల యభిప్రాయము నడుగగా వోటు చేసినవారిలో నూటికి 67 మంది కొనసాగవలెననిరి.

కాలక్రమమున ఆ సమాజము సమాఖ్యగా పెరిగెను. సరకులు, సేవలు, పెట్టుబడి, మనుష్యులు అడ్డులేక సంచరించు ఏకవిపణి 1993లో ఏర్పడెను. 2004లో పది దేశములు కొత్తగా చేరగా, తూర్పు ఐరోపానుండి శ్రామికులు బ్రిటనుకు విశేషముగా వచ్చిరి. తమ శాసనములు బ్రస్సెల్సులో తయారగుచున్నవనియు, సమాఖ్యకు చెల్లించు ధనము అధికమనియు, వలసలపై తమకు అదుపు లేకున్నదనియు కొందరు ఆక్షేపించిరి. దేశపు ఎగుమతులలో సగమునకు కొంచెము తక్కువ భాగము ఆ విపణికే పోవుచుండగా దానిని విడనాడుట అవివేకమని ఇతరులు వాదించిరి.

2016 జూన్ 23వ తేదీన ప్రజాభిప్రాయ సేకరణము జరిగెను. ఉండవలెనా, వీడవలెనా అనునవి రెండే సమాధానములు. వీడవలెనని 1 కోటి 74 లక్షల మందియు, ఉండవలెనని 1 కోటి 61 లక్షల మందియు వోటు చేసిరి. ఇంగ్లండు, వేల్సు నిష్క్రమణమును కోరగా, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు కొనసాగుటను కోరెను. ప్రధాని డేవిడ్ కామెరాన్ పదవిని వీడగా థెరెసా మే ఆ స్థానమునకు వచ్చెను. వీడిన పిమ్మట ఐరోపాతో సంబంధమెట్లుండవలెనో ఆ వోటు కాగితముపై ఒక్క ముక్కయు లేదు. చిక్కంతయు అచ్చటనే మొలచెను.

కనుపించిన దారులు పెక్కు. మొదటిది నార్వే దారి. ఆ దేశము 1972లోను, 1994లోను సభ్యత్వమును నిరాకరించియు ఏకవిపణిలో పాల్గొనుచున్నది. అందులకు ప్రతిగా ధనము చెల్లించి, శ్రామికుల రాకపోకల నంగీకరించి, తాను వోటు చేయని నిబంధనలను పాటించును. రెండవది స్విట్జర్లండు దారి. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఒడంబడికగా నూటికి పైబడిన ఒప్పందములతో అది నడచుచున్నది. మూడవది టర్కీవలె సుంకముల కూటమిలో నుండుట. కూటమిలోని వారి నడుమ సరకులపై సుంకముండదు. వెలుపలినుండి వచ్చు సరకుపై అందరును ఒకే సుంకము విధింతురు. అందుచే సభ్యదేశము ఇతరులతో సుంకముల బేరము స్వేచ్ఛగా చేసికొనజాలదు. నాల్గవది కెనడావలె వర్తకపు ఒడంబడిక మాత్రమే చేసికొనుట. కెనడాకు దాని కొరకు ఏడేండ్లు పట్టెను. కడపటిది ఏ ఒప్పందమును లేక, ప్రపంచ వర్తక సంస్థ సామాన్య నిబంధనలతో బయటపడుట. ఎంత దగ్గరగా నిలచిన అంత కట్టుబాటు. ఎంత దూరము పోయిన అంత నష్టము. వెల చెల్లింపని దారి ఒక్కటియు లేకుండెను.

వీనన్నిటికి మించిన చిక్కు ఐర్లండు సరిహద్దు. ఉత్తర ఐర్లండు బ్రిటనులోని భాగము; దక్షిణమున నున్న ఐర్లండు గణరాజ్యము సమాఖ్య సభ్యురాలు. ఉత్తర ఐర్లండున మూడు దశాబ్దములు సాగిన హింసాకాండలో 3,500 మందికి పైగా మరణించిరి. 1998 నాటి శాంతి ఒడంబడిక పిమ్మట సుమారు 500 కిలోమీటర్ల ఆ సరిహద్దున కావలి చౌకీలు మాసిపోయినవి. ఇప్పుడు సుంకపు చౌకీలు మరల లేచినచో పాత గాయము రేగునని పలువురు భయపడిరి. థెరెసా మే ఏకవిపణిని, సుంకముల కూటమిని వీడుదుమనియు, ఐర్లండు నడుమ చౌకీ లుండవనియు, ఉత్తర ఐర్లండునకు బ్రిటనుకు నడుమను అడ్డు లుండవనియు మాట యిచ్చెను. ఈ మూటిలో ఏ రెంటినైనను నిలుపవచ్చును గాని మూటిని నిలుపుట సాధ్యము కాదు.

వేరు ఏర్పాటు కుదురువరకు దేశమంతయు తాత్కాలికముగా ఐరోపాతో సుంకముల బంధమున నుండునట్లు ఆమె 2018 నవంబరులో ఒప్పందము కుదుర్చుకొనెను. 2019 జనవరి 15వ తేదీన కామన్సు సభ దానిని 202కు 432 వోట్లతో త్రోసిపుచ్చెను. మార్చిలో మరి రెండు పర్యాయములు నిరాకరించెను. మార్చి 27వ తేదీన సభ్యులు ఎనిమిది మార్గములను తామే పరిశీలించి, ఒక్కొక్కదానిపై ఔననియో కాదనియో గుర్తులు పెట్టిరి. ఎనిమిదింటిలో ఒక్కదానికిని ఆధిక్యత రాలేదు. ఏప్రిల్ 1వ తేదీన మరల ప్రయత్నింపగా, సుంకముల కూటమి ప్రతిపాదనము మూడే వోట్ల తేడాతో ఓడిపోయెను. పూర్తిగా తెగతెంపులు కోరినవారు మధ్యే మార్గమును బంధనమనిరి. కొనసాగగోరినవారిలో పలువురు మరియొక ప్రజాభిప్రాయ సేకరణమును ఆశించి దానిని కాదనిరి. తక్కిన దారులు మూసుకొనిన తమ దారియే మిగులునని తలచి, ఇరుపక్షములును నడిమి దారిని మూసివేసినవి.

థెరెసా మే వైదొలగగా, జూలైలో బోరిస్ జాన్సన్ ప్రధాని యయ్యెను. అతడు మూడు మాటలలో ఒకదానిని వదలుకొనెను. ఉత్తర ఐర్లండు సరకుల విషయమున ఐరోపా నిబంధనలనే పాటించుటకును, బ్రిటనునుండి సముద్రము దాటి అచ్చటికి పోవు సరకును తనిఖీ చేయుటకును అంగీకరించెను. 2019 డిసెంబరు ఎన్నికలలో ఘనవిజయము పొంది, 2020 జనవరి 31వ తేదీన దేశమును సమాఖ్యనుండి వెలుపలికి తెచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన కెనడా తీరున వర్తకపు ఒడంబడిక కుదిరెను. సముద్రముపై తనిఖీలకు నిరసనగా బ్రిటనుతో ఐక్యతను కోరు ప్రధాన పక్షము సహకారము మానుకొనగా, ఉత్తర ఐర్లండు ప్రభుత్వము 2022 ఫిబ్రవరి నుండి రెండేండ్లు స్తంభించెను. 2023 నాటి విండ్సరు ఒప్పందము ఆ తనిఖీలను కొంత సడలించెను.

నిష్క్రమణము మేలో కీడో ఆ దేశీయులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు. ఒక్క విషయమున మాత్రము సందేహము లేదు. ఉన్నది వలదనుటలో వేర్వేరు తలంపులవారు ఏకము కాగలరు. దాని స్థానమున ఏది కావలెనో చెప్పవలసి వచ్చినప్పుడు వారే విడిపోవుదురు. బావికి, దారికి ఏర్పాటు చూడక గోడ కట్టుటకు పూనుకొనిన యింట కలహము తప్పదు. వోటు చేయు పౌరుడు అడిగిన ప్రశ్నకు బదులు చెప్పుటతో తృప్తి పొందక, అడుగక విడిచిన ప్రశ్నయేదో కూడ విచారింపవలెను. అట్టి విచారమునకు వలయు తీరికయు, తెలివిడియు ఊరిలోని గ్రంథాలయమున లభించును.