ఓడ ఎక్కనివాళ్ళు

సముద్రం సినిమాలంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. తెరచాపలు గాలికి ఉబ్బి, ఓడ ఓ పక్కకి ఒరిగి, స్తంభం మీదనుంచి ఎవరో “అదిగో నేల!” అని కేకపెడితే చాలు, పొయ్యిమీద పాలు పొంగినా లేవను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి! టెక్కలిలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రం మాకు పదిహేను మైళ్ళు కూడా లేదు. ఆ మాత్రం పిచ్చి ఉండదూ?

మొన్న సంక్రాంతికి ఉద్దానంలో మా చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. పలాసలో రైలు దిగి, జీడిపిక్కలు కాల్చే ఘాటు దాటుకుని, కొబ్బరితోటల నీడలో పడేసరికి సగం అలసట పోయింది. ఆ రాత్రి టీవీలో “మ్యూటినీ ఆన్ ది బౌంటీ” పెట్టుకున్నాను. 1962లో మార్లన్ బ్రాండో వేసినది. బి.ఏ. రోజులనుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

చిన్నమ్మమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. చీపురుకోసం కొబ్బరి ఈనెలు చీరుకుంటూ ఓ కంట టీవీ చూస్తోంది. ఓడనిండా కుండీల్లో మొక్కలు కనబడగానే చేతిలో పని ఆపింది.

“ఆ మొక్కలేటమ్మా?”

“సీమపనస, చిన్నమ్మమ్మా. మన పనసకి చుట్టం.”

“పనసమొక్కల కోసం అంతదూరం ఓడేసుకెళ్ళారా! మనూరొస్తే ఊరికే ఇద్దుం గదా!”

నవ్వొచ్చింది గాని, ఆవిడ అన్నదాంట్లో సగం చరిత్ర ఉంది. అమెరికా స్వతంత్రమయ్యాక వెస్టిండీస్‌లోని చెరుకుతోటలకి తిండిగింజల రాక కష్టమైంది. తోటల్లో పనిచేసే బానిసలకి కారుచవకగా కడుపు నింపడమెలా అని తెల్లదొరలు ఆలోచించారు. తహితీ దీవిలో కాచే సీమపనస గుర్తొచ్చింది. ఆ మొక్కలు తెమ్మని 1787 డిసెంబరులో విలియం బ్లై అనే ఆయనకి బౌంటీ ఓడ అప్పగించి పంపారు. ఆయన తహితీలో అయిదునెలలుండి, వెయ్యికిపైగా మొక్కలు ఎక్కించాడు. 1789 ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఫ్లెచర్ క్రిస్టియన్, మరికొందరూ తిరగబడి ఓడ లాక్కున్నారు.

సినిమాలో బ్లై రాక్షసుడు. ఓ నావికుణ్ణి తాడుకి కట్టి ఓడ అడుగునుంచి ఈడ్పిస్తాడు. బౌంటీలో అలాంటిది జరగనే లేదు. ఆ కాలపు కొరడాదెబ్బల లెక్కలో ఆయన మరీ కర్కోటకుడు కాడని చరిత్రకారులంటారు. నోరు మాత్రం చెడ్డది! తిరగబడ్డవాళ్ళు ఆయన్నీ, పద్ధెనిమిదిమందినీ ఇరవైమూడు అడుగుల పడవలో దింపేశారు. దారిలో ఒక దీవివాళ్ళ చేతిలో ఒకడు చచ్చిపోయాడు. మిగతావాళ్ళని రొట్టెముక్కా, గుక్కెడు నీళ్ళూ తూచి పంచుతూ, సుమారు 3,600 నాటికల్ మైళ్ళు నడిపించి తిమోర్ దీవి చేర్చాడు బ్లై. 

నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. చిన్నమ్మమ్మ ఉన్నట్టుండి అడిగింది: “ఆ కేప్టెను పెళ్ళానికి ఎవరు సెప్పారమ్మా?”

ఇన్నిసార్లు చూశాను గదా, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు! ఇంటికొచ్చి పుస్తకాలు వెతికాను. ఎవరో చెప్పడం కాదు, తిమోర్ నుంచి బ్లై తనే భార్యకి ఉత్తరం రాశాడు, ఓడ పోయిందని. ఆ అదృష్టమైనా ఆవిడకి దక్కింది.

మా చిన్నమ్మమ్మ తల్లికి దక్కలేదు. ఆ రోజుల్లో మన తీరంలో కరువొచ్చినా, అప్పు పెరిగినా రంగూనే దిక్కు. గోపాల్‌పూర్‌లోనో, విశాఖలోనో, కాకినాడలోనో స్టీమరెక్కి, డెక్కుమీద మూటల మధ్య కూలబడి పోయేవాళ్ళు. అక్కడ ఓడరేవులో బస్తాలు మోసింది తెలుగువాళ్ళే. కోరంగి రేవు పేరుమీద వాళ్ళందరికీ కోరంగీలని పేరు. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె ముదిరి అల్లర్లయితే ముందు దెబ్బతిన్నదీ వాళ్ళే. అయినా వెళ్ళడం ఆగలేదు. చిన్నమ్మమ్మ తండ్రి 1940లో బియ్యం మిల్లులో గుమస్తాపనికని గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కాడు. అప్పటికి ఈవిడకి మూడేళ్ళు.

1941 డిసెంబరు 23న రంగూన్‌మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో ఊరే వాళ్ళ వశమైంది. ఓడ దొరకనివాళ్ళు కొండలు, అడవులు పట్టి నడిచారు. దారిలో కలరాతోనూ, ఆకలితోనూ పోయినవాళ్ళు వేలకి వేలు. మా వాళ్ళ ఊరికి ఒకరూ ఇద్దరూ ఎముకలగూళ్ళై తిరిగొచ్చారు. ఆయన రాలేదు. 

“మా అమ్మ బొట్టు తియ్యలేదు,” అంది చిన్నమ్మమ్మ, ఈనె చీరుతూ. “అందరూ తియ్యమన్నారు. ‘ఎవులు సూశారు ఆయన పోవడం?’ అనీది. సచ్చేదాకా అలాగే ఉండిపోయింది.”

టీవీలో ఓడ తగలబడుతోంది. ఆ మంటల్లో కాలిన గాయాలతోనే బ్రాండో కన్నుమూస్తాడు. నిజానికి క్రిస్టియన్ ఆ తరవాత మూడేళ్ళకి పైగా బతికాడు. పిట్‌కెర్న్ దీవిలో ఓడ తగలబెట్టింది 1790 జనవరిలో. అక్కడ దిగినవాళ్ళలో తహితీనుంచి తెచ్చిన స్త్రీలు పదిమందికి పైగా ఉన్నారు. మగవాళ్ళు ఒకర్నొకరు చంపుకున్నారు. 1808లో ఒక అమెరికా ఓడ అటు వెళ్ళేసరికి తిరగబడ్డవాళ్ళలో మిగిలింది ఒక్కడే. దీవినిండా ఆడవాళ్ళూ, పిల్లలూ! ఆ సంసారాన్ని నిలబెట్టిందెవరో వేరే చెప్పాలా? 1838లోనే అక్కడి ఆడవాళ్ళకి ఓటొచ్చింది. సినిమా ముగిసినచోట వాళ్ళ కథ మొదలైంది.

మర్నాడు చిన్నమ్మమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. రంగూన్ వెళ్ళేముందు తండ్రి నాటిన పనసచెట్టు ఒకటుండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరీ, జీడితోటలతోబాటు అదీ కూలింది. దాని పిక్క ఒకటి అంతకుముందే మట్టిలో పెట్టిందట ఈవిడ. ఆ మొక్కిప్పుడు ఇంటిచూరు దాటింది. 

నా పిచ్చి ఎక్కడికీ పోలేదు లెండి. తెరచాప కనిపిస్తే ఇప్పటికీ పాలు పొంగాల్సిందే. కాకపోతే ఓడ రేవు విడిచేటప్పుడు ఒడ్డున నించున్న ఆడవాళ్ళని ఇప్పుడు కాస్త పట్టి చూస్తున్నాను. ఒక్క క్షణమే చూపిస్తారు. మీరూ చూడండి.