లెక్క అడిగితే వెలి

2017లో 'అపోస్టసీ' అనే చిన్న బ్రిటిష్ సినిమా వచ్చింది. తీసిన డేనియల్ కొకోటైలో యెహోవా సాక్షుల సంఘంలో పెరిగి బయటికి వచ్చిన వ్యక్తి. సంఘం వెలివేసిన పెద్ద కూతుర్ని కన్నతల్లే దూరం పెట్టడం అందులో చూస్తాం. కొట్టడాలు, చంపుతామనడాలు ఉండవు. అయినవాళ్ళు మాట్లాడడం మానేస్తారు, అంతే. మనిషిని లొంగదీయడానికి అది చాలు.

ఇది పాశ్చాత్యుల గొడవ అనుకోవద్దు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపిస్తే, సహకరించిన వారికీ వెలి తప్పలేదు. అయితే వెలివేసే హక్కు మతగురువుకు ఉందా అనే ప్రశ్నను స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది దావూదీ బోహ్రాల వివాదం. హేతువాదులు ఆ చరిత్ర తెలుసుకోవాలి.

బోహ్రాలు షియా ముస్లింలలో ఇస్మాయిలీ శాఖవారు. ఎక్కువమంది గుజరాతీ మాట్లాడే వ్యాపారస్తులు. వారి గురువును దాయీ అంటారు, సయ్యద్నా అని గౌరవంగా పిలుస్తారు. యుక్తవయసు రాగానే ఆడపిల్లలూ మగపిల్లలూ 'మిసాక్' అనే ప్రమాణం చేయాలి. దాయీకి విధేయులమై ఉంటామని మాట ఇవ్వడమన్నమాట. ఓటు వేసే వయసు రాకముందే ఇచ్చిన ఆ మాట జీవితాంతం కట్టిపడేస్తుంది. పెళ్ళికీ, చివరికి శవం పూడ్చడానికీ దాయీ తరఫు వారి అనుమతి కావాలి.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయిన వాణ్ణి. అందుకే నా చూపు ముందు డబ్బు మీదికి పోయింది. బొంబాయిలో చాందాభాయ్ సమాధి దగ్గర భక్తులు కానుకలు వేసే పెట్టె ఉండేది. దాన్ని గల్లా అనేవారు. మన కొట్లలోని గల్లాపెట్టె మాటే అది. ఆ సొమ్ముకు లెక్క చెప్పాలా వద్దా అని 1917లో అడ్వకేట్ జనరల్ పేరిట హైకోర్టులో దావా పడింది. దాయీ ఆ సొమ్ముకు ధర్మకర్త, కాబట్టి జవాబుదారీ అని 1921లో జస్టిస్ మార్టెన్ తీర్పు చెప్పారు. దైవ ప్రతినిధి అయినా లెక్క చూపవలసిందే!

కానీ అడిగేవాడి నోరు మూయించే ఆయుధం గురువు చేతిలోనే ఉండిపోయింది. బుర్హాన్‌పూర్ బోహ్రాల కేసులో 1947లో ప్రివీ కౌన్సిల్, వెలివేసే అధికారం దాయీకి ఉందని, అయితే ఇష్టం వచ్చినట్టు వాడరాదని చెప్పింది.

1949లో బొంబాయి రాష్ట్రం వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. వెలి చెల్లదు, వేసినవారికి వెయ్యి రూపాయల వరకు జరిమానా. 51వ దాయీ తాహెర్ సైఫుద్దీన్ దీన్ని ఎదిరించారు. 1952లో చాగ్లా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న బొంబాయి హైకోర్టు చట్టాన్ని సమర్థించింది. దాయీ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1962 జనవరి 9న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు చట్టాన్ని కొట్టేశారు.

వారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. మూల విశ్వాసాన్ని కాదన్నవాణ్ణి తొలగించలేకపోతే మతశాఖ నిలవదు, 26వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇచ్చింది అన్నారు. విడిగా నిలిచింది ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే. వెలిపడ్డవాడు తన సంఘంలో అంటరానివాడవుతాడు, అస్పృశ్యతను రద్దు చేసిన రాజ్యాంగం దీన్ని ఎలా కాపాడుతుంది అన్నది ఆయన దృష్టి. నా ఓటు సిన్హాకే. మెజారిటీ తీర్పు మతశాఖ స్వేచ్ఛను చూసింది, ఆ శాఖలో పుట్టిన మనిషి స్వేచ్ఛను చూడలేదు.

దాని ఫలితం ఎక్కువకాలం ఆగలేదు. 1970 దశకం మొదట్లో ఉదయపూర్‌లో బోహ్రా యువకులు తిరగబడ్డారు. వారికి అండగా నిలిచిన అస్గర్ అలీ ఇంజనీర్ ఒక మతాచార్యుని కొడుకు, బొంబాయి కార్పొరేషన్‌లో ఇంజనీరు. ఆయన నాస్తికుడు కాదు. వసూళ్ళకు లెక్క చెప్పండి, సంఘాన్ని ప్రజాస్వామికంగా నడపండి అన్నారు. ఆయన్నీ వెలివేశారు. 2000లో ఆయన మీద దాడి జరిగింది, ఇల్లు ధ్వంసం చేశారు. జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ నియమించిన నాథ్వానీ కమిషన్, సంస్కరణవాద బోహ్రాల పౌరహక్కులకు భంగం కలుగుతున్నదని 1979లో నివేదించింది. 1962 తీర్పును తిరిగి పరిశీలించమని సంస్కరణవాదులు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 37 ఏళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరిలో, రాజ్యాంగ ధర్మాసనం ఆ ప్రశ్నను తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకు పంపింది. ఈలోగా ఎన్ని కుటుంబాలు చీలిపోయాయో ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఈ మధ్యలో ఒక మంచి పని జరిగింది. సాంఘిక బహిష్కరణను నేరంగా చేస్తూ మహారాష్ట్ర 2016లో చట్టం తెచ్చింది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కుల పంచాయతీల వెలికి వ్యతిరేకంగా నరేంద్ర దభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి చేసిన పోరాటం దాని వెనుక ఉంది.

"ఇతను మా విశ్వాసి కాడు" అని ప్రకటించుకునే హక్కు ఏ మతానికైనా ఉండవచ్చు. ఆ హక్కులో తల్లిని కొడుకుతో మాట్లాడవద్దనడం, భార్యను భర్త నుంచి విడదీయడం, ఉమ్మడి శ్మశానంలో ఆరడుగుల నేల ఇవ్వకపోవడం కలవవు. ఇవి పౌరుడి హక్కులు, వీటికి కాపలా ప్రభుత్వానిది. వెలిపడ్డవారిలో దేవుణ్ణి నమ్మేవారే ఎక్కువ. వారు మన సంఘాల్లో చేరరు, మన పత్రికలు చదవరు. అయినా అలాంటి చట్టం లేని ప్రతి రాష్ట్రంలోనూ వారి కోసం దాన్ని అడగవలసింది మనమే.