కదిలొచ్చిన గుళ్లు, కదలని గుళ్లు

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే దారిలో, తుంగభద్ర వంతెన ఇంకా రాకముందే అలంపురం చౌరస్తా వస్తుంది. అక్కడ దిగితే ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. కృష్ణకీ తుంగభద్రకీ నడుమ పడి ఉన్న ఈ నేలను మేం నడిగడ్డ అంటాం. అప్పట్లో నిజాం రాజ్యంలో రాయచూరు జిల్లా మాది. 1956లో మహబూబ్‌నగర్‌లో కలిసింది, 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది. అటు కన్నడం, ఇటు రాయలసీమ, పైన తెలంగాణ. మా మాటలో మూడు యాసలూ వినిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

పొద్దున్నే వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: అమ్మవారి గుడి ఎటు? అష్టాదశ శక్తిపీఠాల్లో మాది ఒకటి. జోగులాంబ దర్శనం, పక్కనే బాలబ్రహ్మేశ్వరుడికి ఒక నమస్కారం, కొబ్బరి ముక్క, మళ్లీ బండి. గంటన్నరలో క్షేత్రం అయిపోయిందనిపించి శ్రీశైలమో మంత్రాలయమో దారి పడతారు. వాళ్లను తప్పుపట్టను, మొక్కు మొక్కే. అయితే ఆ గంటన్నర ఊరిని ఒక రోజు ఊరిగా చూస్తే తెలిసే సంగతి వేరే ఉంది. ఇక్కడ కొన్ని గుళ్లు పదమూడు వందల ఏళ్లుగా ఉన్నచోటే ఉన్నాయి. కొన్ని నిన్నమొన్న, అంటే మా పెద్దల కాలంలో, రాళ్లుగా విడిపోయి లారీల మీద వచ్చాయి. చూసేవాళ్లకు రెండూ ఒకటే పాతగా కనిపిస్తాయి.

అమ్మవారి గుడి సంగతే తీసుకోండి. ఇప్పుడున్న కట్టడం 2005లో ప్రతిష్ఠ జరిగినది. పాత గుడి పద్నాలుగో శతాబ్దం చివర బహమనీల దండయాత్రలో పడిపోయిందని చెప్పుకుంటాం. విగ్రహాన్ని బాలబ్రహ్మ గుడిలోకి చేర్చారు, ఆరు వందల ఏళ్లకు పైగా అమ్మ అక్కడే పూజలందుకుంది. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘అమ్మ లోపల ఉన్నప్పుడు’ అని కాలాన్ని లెక్క కడతారు. ఉగ్రమూర్తి. జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం. ఆ ఉగ్రం తగ్గడానికే కొత్త గుడి చుట్టూ నీటి గుండం కట్టారంటారు. ఏటా మాఘమాసంలో వసంత పంచమికి జరిగే ఉత్సవానికి నడిగడ్డంతా ఇక్కడే ఉంటుంది. ఆ రోజు మాత్రం శిల్పాలు చూద్దామని రాకండి, మనిషి వీపు తప్ప ఏమీ కనిపించదు.

నవబ్రహ్మలంటే తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేరుకు బ్రహ్మలే కానీ తొమ్మిదీ శివాలయాలు. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడని ఒక కథ. పాదరసంతో బంగారం చేయబోయిన రససిద్ధుడు ఒకడు ఈ గుళ్లు కట్టించాడని ఇంకో కథ. బాలబ్రహ్మ లింగం నుంచి, వినాయకుడి బొడ్డు నుంచి, జోగులాంబ నోటి నుంచి ఆ రసం వచ్చేదని మా అవ్వలు చెప్పేవాళ్లు. చరిత్ర చెప్పేది మాత్రం బాదామి చాళుక్యుల మాట. ఏడో శతాబ్దంలో మొదలై ఎనిమిదో శతాబ్దం దాకా వాళ్ల ఏలుబడిలో లేచిన గుళ్లు ఇవి. శాసనాలు అక్కడే ఉన్నాయి. బాలబ్రహ్మ దగ్గరి ఒక శాసనం విజయాదిత్యుడి కాలానిది, క్రీ.శ. 713 నాటిది. రాజాజ్ఞ మీద ఈశానాచార్యుడనే శైవగురువు ప్రాకారం కట్టించినట్టు చెబుతుంది. దాని లిపి ఉత్తరాదిన వాడిన సిద్ధమాతృక. ఉత్తరాది లిపి ఇక్కడ ఏం చేస్తోందని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: తలెత్తి శిఖరాలు చూడండి. కాశీ వైపో ఒడిశా వైపో చూసినట్టు నున్నగా ఒంపు తిరిగి పైకి పోయే నాగర శిఖరాలు, మీద ఉసిరికాయ ఆకారపు ఆమలకం. తారకబ్రహ్మ ఒక్కటే మన దక్షిణాది పద్ధతిలో అంతస్తులంతస్తులుగా ఉంటుంది. లోపల మూర్తి లేదు, జనమూ ఉండరు.

తొమ్మిదింటికీ సమానంగా సమయం ఇవ్వాలనుకోవద్దు. పూజ జరిగేది బాలబ్రహ్మలో. అది దేవాదాయ శాఖ కింద ఉంది, మిగతావి కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటుంది. అర్కబ్రహ్మ చాలావరకు శిథిలం. గరుడ, కుమార బ్రహ్మలను చుట్టి రావడానికి ఎక్కువసేపు పట్టదు. విశ్వబ్రహ్మ గోడల మీద పంచతంత్ర కథలు వెతుక్కోవచ్చు, పిల్లలుంటే మరీ మంచిది. నా ఓటు మాత్రం స్వర్గబ్రహ్మకే, ఆ గుడి దగ్గర ఒక పూట కూర్చున్నా నష్టం లేదు.

వినయాదిత్యుడి కాలంలో, అంటే 681కీ 696కీ మధ్య, లోకాదిత్య ఎల అరసు రాణి గౌరవార్థం స్వర్గబ్రహ్మను కట్టించాడని అక్కడి శాసనం. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు పోవాలి. నడినెత్తిన పడితే గోడ చదునైపోతుంది, బొమ్మలు దొరకవు. ముందు శిఖరం ముఖాన గవాక్షంలో నటరాజును చూడండి. తర్వాత గుడి మూలలకు రండి. ఎనిమిది దిక్కుల దేవతలు మూలకు ఇద్దరు చొప్పున, ఎవరి దిక్కు వాళ్లు కాస్తూ నిలబడి ఉంటారు. దిక్పాలకులందరినీ ఇలా గోడల మీద వరసగా నిలబెట్టిన తొలి గుళ్లలో ఇదొకటి. గూళ్ల పైన గంధర్వుల జంటలు ఎగురుతుంటాయి. మోకాలు మడిచి, వెనక్కి కాలు చాపి, ఆడమనిషి మగవాడి భుజం మీద ఆనుకుని, కింద మనల్ని పట్టించుకోకుండా. రాయి కాస్త అరిగిందిగానీ ఆ వంపు అరగలేదు. లోపల గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి ఉంది. జాలీ కిటికీల నుంచి వచ్చే వెలుగే అక్కడ దీపం. చేత్తో గోడ తడుముకుంటూ నడుస్తుంటే, ఒక్కో కిటికీ దగ్గర నేల మీద కిటికీ ఆకారమే వెలుగు ముక్కలై పడి ఉంటుంది. అక్కడ ఫోను టార్చీ వెలిగించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ గుళ్ల మధ్య తిరుగుతుంటే బయటివాళ్లకు ఒక అనుమానం వస్తుంది. నది ఒడ్డునే ఉన్నామంటున్నారు, నది ఏదీ? నిజమే, గుళ్ల దగ్గర నిలబడితే తుంగభద్ర కనిపించదు. అడ్డంగా ఎత్తైన కట్ట ఉంది. ఆ కట్ట చాళుక్యులది కాదు, మా కాలపుది. కిందికి శ్రీశైలం దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వెనక నీళ్లు తుంగభద్రలోకి కూడా ఎక్కుతాయి కాబట్టి నవబ్రహ్మలు మునగకుండా నది వైపు కట్ట పోశారు. అప్పటినుంచి గుళ్లు గుంటలో ఉన్నట్టు కనిపిస్తాయి. కట్ట ఎక్కితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క శిఖరాలు. ఊరి మొత్తం కథ అక్కణ్ణుంచి ఒకే చూపులో పడుతుంది కాబట్టి, ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకుపోతాను.

కట్ట పోసినా కాపాడలేని గుళ్లు కొన్ని ఉన్నాయి. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లి అనే ఊరుండేది. అక్కడి సంగమేశ్వరాలయం కూడా చాళుక్యులదే. జలాశయంలో పూర్తిగా మునుగుతుందని తేలాక, రాయికో గుర్తు వేసి, పైనుంచి కిందికి విప్పి, ఇక్కడికి తెచ్చి మా ఊరి అంచున మళ్లీ పేర్చారు. ఎత్తైన జగతి (రాతి అరుగు) మీద నిలబెట్టిన గుడి అది, చుట్టూ ప్రాకారం, దాని గోడకు శిల్పాల గూళ్లు. చూస్తే దాని ఠీవి దానిదే. కానీ నదుల సంగమం లేని సంగమేశ్వరుడు. చుట్టూ పొలాలు, రోడ్డు. పురావస్తు శాఖ చేసిన పని గొప్పదే. అంత కొలతతో ఒక గుడిని విప్పి కట్టడం చిన్న సంగతి కాదు. అయినా ఆ గుడి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ రాళ్ల పక్కన బతికిన మనుషులు. శ్రీశైలం జలాశయం కింద నూటికి పైగా ఊళ్లు మునిగాయి. లక్షమంది దాకా ఇళ్లు వదిలారు. 1981లో, నీళ్లు రాకముందే, కదలని ఇళ్లను యంత్రాలు పెట్టి కూల్చిన రోజులను ఈ చుట్టుపక్కల ఇప్పటికీ మరిచిపోలేదు. గుడి రాళ్లన్నిటికీ అంకెలు పడ్డాయి, ఏ రాయి ఎక్కడ ఉండాలో కాగితం మీద ఉంది. ఏ ఇంటివాళ్లు ఎక్కడికి పోయారో అలా రాసిపెట్టినవాళ్లు లేరు. నడిగడ్డలో పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ‘మాది మునిగిన ఊరు’ అనే మాట ఇంకా వినిపిస్తుంది.

కట్ట కూడా ఆపలేకపోయిన వరద సంగతి చెప్పాలి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగాయి. శ్రీశైలానికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లొచ్చాయి. అది ఆనకట్ట తట్టుకోగలదని లెక్కేసినదానికంటే ఎక్కువ. కర్నూలు మునిగిన సంగతి దేశమంతా చూసింది. నది ఇవతల మేమూ మునిగాం. గుళ్లలోకి, ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మిగిలింది బురద. ఇళ్లల్లో బురద ఎత్తిపోసుకున్నంతకాలం ఎవరూ గుళ్ల వైపు పోలేదు. పోయి చూస్తే, మా పునాదుల కంటే వాటివే గట్టివని తేలింది.

మధ్యాహ్నం ఎండకు మ్యూజియం సరైన చోటు. జొన్నరొట్టె తిని పోతే ఇంకా మంచిది. అక్కడ చూడాల్సింది లజ్జాగౌరి. తల ఉండాల్సిన చోట విచ్చిన తామరపువ్వు, కాళ్లు రెండు పక్కలకు మడిచి, ప్రసవానికి కూర్చున్నట్టు ఉన్న తల్లి. మ్యూజియంలోకి రాకముందు పిల్లలు కావాలని ఆడవాళ్లు మొక్కుకున్న విగ్రహం అది. కొత్తగా చూసినవాళ్లు చూపు తిప్పుకుని పక్క బొమ్మ దగ్గరికి పోతారు. మా అవ్వలు తిప్పుకోలేదు.

ఈ ఊళ్లో శిల్పాలనూ శాసనాలనూ పట్టించుకోవడం మొదలైన కథకు ఒక మనిషి పేరు కావాలంటే, అది గడియారం రామకృష్ణశర్మ. అలంపురంలో ఉండి, ఈ గుళ్ల గురించి రాసి, తిరిగి, అధికారుల వెంటపడ్డ పండితుడు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు ఆయన పోయాక, 2007లో, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఇక్కడ జరగడం ఆయన పట్టుదలే. సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. హైదరాబాదు రాష్ట్రంలో, అదీ రాయచూరు జిల్లా మూలన, అప్పుడు తెలుగు సభ పెట్టడమంటే ఏమిటో ఈ రోజు ఊహించడం కష్టం. మా ఊరి బడిపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నేను చెబితే ‘శ్రీశ్రీ మన ఊరికి ఎందుకొచ్చాడు సార్?’ అని అడుగుతారు.

నవబ్రహ్మల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఉర్సుకు జనం బాగా వస్తారు. గుళ్లు చూసి వెళ్లేవాళ్లు దాన్ని దాటుకునే పోతారు కాబట్టి చెబుతున్నాను. ఊరి చరిత్రలో ఆ ముక్క వదిలేస్తే పేజీ చింపినట్టే. నరసింహస్వామి గుడిలో కృష్ణదేవరాయల కాలపు, 1521 నాటి శాసనం కూడా ఉంది. మా ఊరిని ఏలినవాళ్లు ఒక్కరు కాదు.

సాయంత్రానికి పాపనాశి. ఊరికి నైరుతిగా కొంచెం దూరం, నడిచిపోవచ్చు. ఇరవై మూడు గుళ్లు ఒకేచోట, తొమ్మిదో శతాబ్దం నుంచి పదకొండు దాకా కట్టినవి. ఇవీ మునకలోంచి తప్పించి తెచ్చినవే. ఇక్కడ శిఖరం ఒంపు తిరగదు. మెట్లు మెట్లుగా, పిరమిడ్ లాగా పైకి పోతుంది. పొద్దున చూసిన నాగర శిఖరాలకూ వీటికీ మధ్య రెండు మూడు వందల ఏళ్ల దూరం, మనకు మాత్రం కొన్ని అడుగులే. గుంపుగా ఉంటాయి, జనం తక్కువ. ఏ గుడి ఎటు తిరిగి ఉందో, ఏది పెద్దదో చూసుకుంటూ కాసేపు దారి తప్పడమే అక్కడి పని.

ఒక గందరగోళం మాత్రం తీర్చాలి. ‘వేసవిలో నీళ్లలోంచి బయటపడే సంగమేశ్వరం ఇదేనా?’ అని కూడవెల్లి గుడి ముందు రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. అది తుంగభద్రకు అవతల, కర్నూలు వైపు, సప్తనదుల సంగమం అనే చోట ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు, తరలించలేదు, అక్కడే వదిలేశారు. లోపల ఉన్నది వేపమొద్దు లింగం, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. శ్రీశైలం నీటిమట్టం 840 అడుగుల ప్రాంతానికి దిగితే తప్ప గుడి పూర్తిగా బయటికి రాదు. అది చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, బయలుదేరే ముందు పేపర్లో జలాశయం మట్టం ఎంతుందో చూసుకుని, ఇంకో రోజు పెట్టుకోవాలి. మా ఊరి రోజులో అది ఇమడదు.