పుట్టింటి పేరు దాచిన పుస్తకాలు



మొన్న మా అబ్బాయి ఉన్నట్టుండి, "అమ్మా, బామ్మ వాళ్ళమ్మ పేరేమిటి? ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరేమిటి?" అని అడిగాడు. మూడు తరాల తాతల పేర్లు గడగడా అప్పజెప్పే మా వారు నోరు మెదపలేదు. నా సంగతి సరేసరి. కానీ ఫ్రాన్సులో మామూలు రైతు కుటుంబంలో పుట్టిన ఆడపడుచు కూడా మూడు వందల ఏళ్ళ కిందటి ముత్తవ్వ పేరు, పుట్టింటి పేరుతో సహా వెతికి పట్టుకోగలదు. ఆ పేర్లు దాచి ఉంచినవి అక్కడి పల్లెటూరి చర్చి పుస్తకాలు.

1539 ఆగస్టులో మొదటి ఫ్రాన్స్వా రాజు విల్లేర్ కొత్రే అనే చోట ఒక శాసనం చేశాడు. పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చినప్పుడల్లా పుట్టిన రోజూ, వేళా ఫాదరీలు పుస్తకంలో ఎక్కించాలన్నాడు. వంశవృక్షాలు గీసుకోమని కాదు లెండి. మైనారిటీ తీరిందా లేదా అని తగువు వస్తే రుజువుండాలని. 1579లో పెళ్ళిళ్ళూ, ఖననాలూ చేర్చారు. 1667లో రెండు ప్రతులు రాసి, ఒకటి కోర్టు కచేరీకి పంపాలన్నారు. రాజు చెప్పకముందే రాసుకున్నవారూ లేకపోలేదు. బర్గండీ ప్రాంతంలో జివ్రీ అనే ఊరి పుస్తకం 1334 నాటిది. ఏడాదికి ఏ ముప్ఫై చావులో ఎక్కే ఆ పుస్తకంలో 1348 ప్లేగుకు నాలుగు నెలల్లో ఆరు వందల పైచిలుకు ఎక్కాయి.

వెతకడం ఎలాగంటారా? జడ విప్పినట్టే. కొసనుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. 1792 సెప్టెంబరు 20న విప్లవ ప్రభుత్వం ఈ పని చర్చి చేతినుంచి తీసి మునిసిపాలిటీలకు అప్పగించింది. కనుక అక్కడిదాకా మునిసిపాలిటీ కాగితాలు, ఆ వెనక చర్చి పుస్తకాలు. అన్నిటిలోకీ పెళ్ళి రాత ముఖ్యం. వధూవరుల తల్లిదండ్రులెవరో, ఏ ఊరివారో సాధారణంగా అందులోనే దొరుకుతుంది. వాళ్ళ పెళ్ళి వెతికితే పై తరం. ఇక్కడే ఉంది మనం గమనించవలసింది. పిల్ల తల్లిని కూడా పుట్టింటి పేరుతోనే రాస్తారు! ఊళ్ళో పదిమందీ ఆవిణ్ణి మొగుడి పేరుతో పిలిస్తే పిలవనీండి, పుస్తకంలో మాత్రం ఆవిడ పేరు ఆవిడదే. 1794లో చట్టమే చేశారు, పుట్టినప్పుడు రాసిన పేరు తప్ప మరొకటి ఎవరూ పెట్టుకోరాదని. అందుకే అక్కడ అమ్మ, అమ్మమ్మ, ఆవిడ తల్లి అంటూ ఆడవాళ్ళ వరసనే పట్టుకుని పోవచ్చు.

చదవడం మాత్రం తేలిక కాదు. గొలుసుకట్టు రాత, ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా. మధ్యలో కొందరు ఫాదరీలు 1709 నాటి ఘోరమైన చలి ముచ్చట కూడా రాసిపెట్టారు. కానీ మనసు కలచివేసేవి పసిపిల్లల పేర్లు. పద్ధెనిమిదో శతాబ్దంలో పుట్టిన నలుగురిలో దాదాపు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. ఒక పుటలో జ్ఞానస్నానం, రెండు పుటలు తిప్పితే ఖననం. ఆ తర్వాత అదే తల్లికి మరో పిల్ల, మళ్ళీ అదే పేరు. బిడ్డ దక్కదని తోస్తే మంత్రసానే నీళ్ళు పోసి జ్ఞానస్నానం చేసేది. అదీ రాశారు.

పెళ్ళి రాత చివర చాలాచోట్ల, సంతకం చేయడం రాదని పెళ్ళికూతురు చెప్పినట్టు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మజ్జియోలో అనే విద్యాధికారి బడిపంతుళ్ళ చేత ఈ సంతకాలు లెక్కపెట్టించాడు. 1686-90లో సంతకం పెట్టిన పెళ్ళికూతుళ్ళు నూటికి 14 మంది. నూరేళ్ళ తర్వాత 27 మంది. పెళ్ళికొడుకులేమో 29 నుంచి 47కు పెరిగారు.

రెండు ప్రతులున్నాయి కదా, భయమేమిటి అనుకుంటాం. పారిస్‌లో ఒకటి నగర సభా భవనంలో, ఒకటి న్యాయస్థాన భవనంలో ఉండేవి. 1871 మే నెల తిరుగుబాటులో రెండూ తగలబడ్డాయి. ఇళ్ళల్లో దాచుకున్న నకళ్ళూ, ఇతర కాగితాలూ పోగుచేసి దాదాపు మూడో వంతు మాత్రం తిరిగి రాయగలిగారు.

మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది కదా. 1776లో ఫ్రెంచి రాజు వలస రాజ్యాల పుస్తకాలకు ఇంకో ప్రతి రాసి స్వదేశానికి పంపమన్నాడు. అలా ఓడలెక్కి పోయిన యానాం పుటలు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ నగరంలో ఉన్నాయి. కంప్యూటరులో చూడవచ్చు కూడాను.

మా అత్తగారి తల్లిది ద్రాక్షారామం పక్కన పల్లె. యానానికి దగ్గరే గానీ, ఆవిడ పేరు ఏ ఓడా ఎక్కలేదు. ఆవిణ్ణి ఎరిగిన పెద్దావిడ ఒకరు కాకినాడలో ఉన్నారట. వచ్చే వారం పలకరించి, ఆ పేరేదో ఒక కాగితం మీద రాయించుకుని వస్తాను.