పెరట్లో బెంజి

బెజవాడలో బెంజి సర్కిల్ పేరు విన్నప్పుడల్లా మా పిల్లలు చిన్నప్పుడు కారు అనుకునేవాళ్ళు. కారు కాదు, లారీ. ఒకప్పుడు అక్కడ టాటా బెంజి లారీల షోరూమ్ ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు చెబుతారు. మా పెళ్ళిచూపులకి ముందు మధ్యవర్తి కూడా "వాళ్ళకి బెంజి ఉందండీ" అన్నాడు. మా నాన్న మొహం వెలిగిపోయింది. తీరా కాపురానికొచ్చి చూస్తే, పెరటి రేకుల షెడ్డులో ఇటుక దిమ్మల మీద నిలబెట్టిన ముక్కు లారీ!

ముప్ఫై ఏళ్ళు దాని తొట్టిలో కట్టెలు, పిడకలు దాచాను. పిల్లులు ఈనింది అక్కడే, మా అబ్బాయి దాక్కున్నదీ అక్కడే.

కిందటేడు పాత ఇనుము కొనేవాడు వచ్చి కిలో లెక్కన బేరమాడాడు. మా వారు సరే అనబోతున్నారు. మామయ్యగారికి ఎనభై మూడేళ్ళు. పొద్దున ఎవరొచ్చారో సాయంత్రానికి గుర్తుండదు. ఆ మాట మాత్రం ఎలా విన్నారో, లేచి వెళ్ళి లారీ స్టీరింగు ముందు కూర్చున్నారు. అన్నానికి పిలిచినా దిగలేదు. చివరికి కంచం నేనే అక్కడికి పట్టుకెళ్ళాను. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి "అమ్మొద్దు నాన్నా, బాగుచేద్దాం" అన్నాడు. ఖర్చుల పద్దు నా చేతికొచ్చింది.

ఈ లారీ కథ కొంచెం చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో టెల్కో కంపెనీ 1945లో పుట్టింది. మొదట చేసింది రైలింజన్లు. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజితో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. అందుకే ఆ కాలపు బళ్ళ ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయింది. మాది 1961 నాటిది, 312 మోడల్, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. మా బండి నక్షత్రం ఎప్పుడో ఎవరో పీక్కుపోయారు, రెండు చిల్లులు మిగిలాయి.

కంపెనీ ఇచ్చేది ఛాసీ మాత్రమేనట. వెనక తొట్టి, పైన కాబిను మన వడ్రంగులే కట్టాలి. అంటే మా బెంజిలో ఇనుము జంషెడ్‌పూర్‌ది, బుర్ర జర్మనీది, ఒళ్ళు బెజవాడది. తాతగారూ, ఆయన బావమరిదీ చెరి సగం డబ్బు పెట్టి కొన్నారు. అమ్మమ్మగారి గాజులు కూడా అందులోనే పోయాయని అత్తయ్యగారు అనేవారు. ఆ గాజుల సంగతి మగవాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు.

నాగార్జునసాగర్ కడుతున్న రోజులవి. మాచర్ల వైపు నుంచి డ్యాముకి సిమెంటు బస్తాలు తోలారు. 1967లో కాలువలకి నీళ్ళొదిలాక నూజివీడు మామిడికాయలు, మద్రాసుకి బియ్యం. పందొమ్మిదేళ్ళకే మామయ్యగారు స్టీరింగు పట్టారు. ఆయన మేనమామ కొడుకు, పన్నెండేళ్ళ కుర్రాడు, బడి మానేసి క్లీనరుగా ఎక్కాడు. ఎత్తు మీద బండి ఆగితే వెనక చక్రాల కింద కర్ర దిమ్మలు వేయడం, కదలగానే వాటిని లాక్కుని పరిగెత్తి ఎక్కడం ఆ పిల్లాడి పని.

మరమ్మత్తు ఎనిమిది నెలలు పట్టింది. ఇంజను బిగుసుకుపోయింది. ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి తుప్పు వదిలే నూనె, డీజిల్ కలిపి పోసి పదిహేను రోజులు వదిలేశారు. తర్వాత ఫ్లైవీలుకి గడ్డపార ఆనించి రోజుకింత కదిపారు. పదిహేడో రోజున "టక్" మంది. పులుసు కలుపుతున్న నేను గరిటె వదిలేసి పరిగెత్తాను. డీజిల్ పంపు మైకో వాళ్ళది. ఆ కంపెనీ 1951లో పెట్టారు. పంపు విప్పి ఆటోనగర్ తీసుకెళితే అక్కడి పెద్దాయన చేత్తో తిప్పి చూసి, ఫోను పక్కన పెట్టి మరీ కూర్చున్నాడు. రబ్బరు సామాన్లకి మాత్రం మా అబ్బాయి ఊళ్ళు పట్టుకు తిరిగాడు.

కాబిన్ లోపలి చెక్కపెట్టె శుభ్రం చేయడం నా వంతు. అందులో గుడ్డలో చుట్టిన ఖాతా పుస్తకం దొరికింది. ట్రిప్పులు, బత్తా, టైర్లు, ఆయిలు. 1973లో ప్రపంచమంతా నూనె ధరలు పెరిగాయి కదా, ఆ ఏడాది చివర నుంచి ప్రతి పేజీలోనూ నష్టమే. అమ్మేద్దామని బావమరిది, వద్దని తాతగారు. చివరికి ఆయన వాటా తీర్చేసి విడిపోయారని ఇంట్లో అందరూ చెప్పేదే. పుస్తకంలో ఆఖరి పేజీ ఇంకోలా ఉంది: "ఇవ్వవలసినది రూ. 1,800". దాని మీద కొట్టివేత గీత లేదు.

"చచ్చిపోయినవాళ్ళ లెక్కలు మనకెందుకు" అన్నారు మా వారు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి శుభలేఖ మాకు రాదు, మాది వాళ్ళకి వెళ్ళదు. తప్పు వాళ్ళదేనని కోడలిగా నేనూ నమ్మాను. మామయ్యగారికి పేజీ చూపిస్తే చాలాసేపు చూసి, "నాన్న ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు" అన్నారు. ఆ రోజు మతిమరుపేమీ లేదు.

మా వారిని ఒప్పించి గుడివాడ వెళ్ళాం. ఆనాటి క్లీనరు కుర్రాడు ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళ బాబాయిగారు. పుస్తకం అందుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "మా నాన్న పోయేదాకా బెంజి మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడమ్మా" అన్నారు. డబ్బు కవరు ముట్టుకోలేదు. క్షమించేసి ముట్టుకోలేదనుకోవడం మనకి హాయి గానీ, నాకలా అనిపించలేదు. కాఫీ తాగి లేస్తుంటే, "ముందు బోర్డు మీద మా నాన్న పేరు ఉండేది, చూశారా?" అని అడిగారు.

చూడలేదు. ఇంటికొచ్చి అబ్బాయి నీలం రంగు గీకాడు. కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు. పసుపు మీద ఎర్ర అక్షరాల్లో రెండు పేర్లు ఉన్నాయి. ఎవరిది ముందో అని గొడవ రాకుండా కాబోలు, రెండూ ఒకే వరసలో, మధ్యలో పువ్వు. పెయింటరు చేత అలాగే రాయించాం.

2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన రెండు, నాలుగు చక్రాల బళ్ళకి వీఏ సిరీస్ నంబరు ఇస్తామంది. మాది ఆరు టైర్ల బండి! రోడ్డెక్కించే ఆశ మాకెలాగూ లేదు, పెరటి గేటు దాకా చాలు.

సంక్రాంతి ముందు రోజు స్టార్ట్ చేశాం. బాబాయిగారు వస్తారో రారో అనుకుంటూ బూరెలు నాలుగు ఎక్కువే వండాను. పదకొండింటికి ఆటో దిగారు. మామయ్యగారు స్టీరింగు ముందు కూర్చుని హీటరు వేసి నిమిషం ఆగారు. రెండుసార్లు దగ్గింది, మూడోసారికి నల్లటి పొగ కక్కి అందుకుంది. రేకులు అదిరి పిల్లులు పారిపోయాయి. మామయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశారు:

"ఒరేయ్, దిమ్మలు తీశావా?"

బాబాయిగారు పంచె ఎగ్గట్టి అప్పటికే వెనక చక్రం దగ్గర వంగి ఉన్నారు. "ఆగు బావా, తీస్తున్నా" అన్నారు.